తువ్వాలు కింద సరస్సు

మదనపల్లె టమోటా మార్కెట్లో వేలం ఊపుమీద ఉన్నప్పుడు మనిషిని కాల్చడం మహా తేలిక. ఆ కేకల్లో తుపాకీ పేలినా ఎవడో కొత్త వ్యాపారి పాట పెంచాడనుకుంటారు. పవన్ కుమార్ తెల్లచొక్కా మీద ఎరుపు చూసి, పక్కనున్న హమాలీలు ముందు కాయ చితికిందనే అనుకున్నారు. కాదని తెలిసేసరికి కాల్చినవాడు లారీల మధ్య కలిసిపోయాడు.

పవన్ కుమార్ ఢిల్లీ గూఢచారి యూనిట్‌లో పాత మ్యాపుల నిపుణుడు. ఏది అసలో, ఏది నకిలీయో చూసి చెప్పాల్సినవాడు అతనే. బెంగళూరు నుంచి రహస్యంగా బస్సులో వచ్చాడు. వస్తున్న సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే. యూనిట్ చీఫ్ దామోదర్, ఫీల్డ్ ఏజెంట్ మునిశేఖర్, శత్రుముఠాలో మన తరఫున చేరి ఉన్న డబుల్ ఏజెంట్ ఉష.

"నువ్వు చంపలేదు. నేను చంపలేదు," అన్నాడు దామోదర్. "ఇంగెవురు మిగిలినారో నువ్వే సెప్పు మునీ."

నీరుగట్టువారిపల్లెలో ఒక పట్టుమగ్గాల షెడ్డు వెనకగదిలో ఉన్నారు ఇద్దరూ. దామోదర్ ఆ చోటును కోరి ఎంచుకున్నాడు. ఎంత గొప్ప మైక్రోఫోను పెట్టినా ఆ మగ్గాల చప్పుడు తప్ప మరొకటి వినిపించదు. మునిశేఖర్ మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. నిన్న సాయంత్రం ఫోన్లో పవన్ కుమార్ తనతో జోకులేశాడు.

"ఏడుపు తర్వాతప్పా. ముందు పని," అన్నాడు దామోదర్, అతని భుజం మీద చెయ్యివేసి.

ఆ చెయ్యి మునిశేఖర్‌కు కొత్త కాదు. బైరెడ్డిపల్లెలో తండ్రి లేకుండా పెరిగినవాడతను. పోలీసు ట్రైనింగ్‌లో వంద మందిలోంచి ఏరి, యూనిట్‌లోకి తెచ్చి, మనిషిని చేసినవాడు దామోదర్. మునిశేఖర్ పెళ్లిలో తండ్రి స్థానంలో పీట మీద కూర్చున్నదీ ఆయనే. ఢిల్లీలో 'సార్' అంటాడు గానీ, ఈ గడ్డ మీద కాలు పెడితే మునిశేఖర్ నోటికి 'అన్నా' తప్ప రాదు.

బ్రీఫింగ్ టకటకా సాగింది. ఆపరేషన్ పేరు 'పొట్టి ఆవు'. వస్తువు, ఒక టోపోగ్రాఫికల్ షీట్. అంగుళానికి మైలు స్కేలు, 1913లో అచ్చయింది. హిమాలయాల్లో త్సోలుంగ్ అనే సరస్సు ఒడ్డంతా అందులో ఉంది. రెండు దేశాల సర్వేయర్లూ కలిసి తిరిగి గీసిన మ్యాపు అది. కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. సరస్సు ఉత్తరపు ఒడ్డు, అక్కడి పచ్చికబయళ్లు, గొర్రెల కాపర్ల బావి, అన్నీ మన గీతకు ఇవతలే ఉన్నాయి. ఇప్పుడు ఆ ఒడ్డు తమదంటోంది అవతలి దేశం. రేపు ఢిల్లీలో చర్చలు. బల్ల మీద పరచడానికి ఈ షీట్ తప్ప మరో ప్రతి మిగల్లేదు.

"అది మదనపల్లెలో యాల ఉందన్నా?"

"గీసిన దొర రిటైరై ఈ సల్లదనానికి ఈడ బంగళా కట్టుకున్యాడు. ఆయన వంటమనిషి మనవరాలు ఖాతూన్ దగ్గరుండాది మ్యాపు. దాన్ని కొట్టేసేదానికి విక్టర్ అని ఒక కిరాయి ఏజెంట్ దిగినాడు. గ్రానైట్ కొనే ఫారినర్ మాదిరి కుప్పంలో మకాం."

దామోదర్ ప్లాన్ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది. ఖాతూన్ దగ్గర ముందే తీసిన ఫోటోలతో యూనిట్ ల్యాబ్‌లో అచ్చుగుద్దినట్టు ఒక నకిలీ తయారు చేయించి ఉంచాడు. పుంగనూరు పశువుల సంతలో ఆ నకిలీని ముఠా మనిషికి అమ్మినట్టు నాటకమాడాలి. విక్టర్ అదే అసలనుకుని దాంతో పారిపోతాడు. ఈలోగా అసలు మ్యాపుతో మునిశేఖర్ కుప్పంలో రైలెక్కి, బెంగళూరులో విమానం అందుకుంటాడు.

"ఒకటి గుర్తుపెట్టుకో," అన్నాడు దామోదర్ చివర్లో. "ఉషను నమ్మొద్దు. ఆమె రెండు వైపులా వాయించే రకం. కనబడితే తప్పించుకో, తప్పించుకోలేకపోతే కాల్చెయ్."

ఖాతూన్ ఇల్లు మగ్గాలకు ఎంతో దూరంలో లేదు. ఆమె ఇనుపపెట్టె తెరిచి పట్టుచీరలు ఒక్కొక్కటే బయట పెట్టింది. ఎండిన వేపాకు, కర్పూరం కలిసిన వాసన గది నిండింది. చీరలకు తుప్పు అంటకుండా పెట్టె అడుగున పరిచి ఉంది త్సోలుంగ్ సరస్సు. వెనక గుడ్డ అతికించిన మందపు కాగితం, నీలం వెలిసిన నీళ్లు, గోధుమరంగు గీతల్లో కొండలు. రెండు దేశాలు తన్నుకుంటున్న ఒడ్డు వందేళ్లుగా పెళ్లిచీరల కింద చల్లగా పడుకుంది.

"ఈడ సూడు బేటా," అంది ఖాతూన్, ఉత్తరపు ఒడ్డు మీద వేలు పెట్టి. అక్కడొక చిన్న గోరీ గుర్తు ఉంది. "మా దాదా తమ్ముడు. దొరతో సామాన్లు మోసేదానికి పోయినాడు. సలికి తట్టుకోలేక ఆడనే పాయ. దొర మంచోడు, మ్యాపులో వాని గోరీ కూడా గీసినాడు. ఆ ఒడ్డు అవతలోళ్లకి పాయెనంటే మావోడు పరాయి ముల్కులో పండుకున్నట్టే గదా?"

"పోనివ్వనమ్మా," అన్నాడు మునిశేఖర్. డ్యూటీ మీద ఉన్న మనిషి ఇలాంటి మాటలివ్వకూడదు. కానీ నోరు జారింది.

"నువ్వు సాయ్ తాగప్పా, నేను సర్దుతా," అన్నాడు దామోదర్. మునిశేఖర్ వసారాలో చాయ్ తాగి వచ్చేసరికి రెండు ట్యూబులు సిద్ధంగా ఉన్నాయి. "ఎర్రమూతది అసలు, నీ సంచీలో ఉంటాది. నీలంమూతది నకిలీ, ఆవుతో పాటు అమ్మేది." మునిశేఖర్ మూత తీసి చూడలేదు. కన్నతండ్రి అన్నం పెడితే కంచంలో ఏముందని ఎవరైనా వెతుకుతారా?

పుంగనూరు సంతకు మునిశేఖర్ దళారి వేషంలో దిగాడు. తలపాగా, మోకాళ్ల దాకా పంచె, చేతిలో ముల్లుకర్ర. ఆ కర్రలో మనిషిని మూర్ఛపుచ్చేంత కరెంటు ఉంది. తలపాగా మడతలో రేడియో, చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్. పక్కన మెడలో రాగిగంట కట్టిన పుంగనూరు పొట్టి ఆవు. దాని తవుడుసంచీలో నీలంమూత ట్యూబు.

"వ్యాన్‌లో ఉండాను, సంత బయట," అంది చెవిలో దామోదర్ గొంతు. "వచ్చేవాడు తువ్వాలు బేరం తెలిసినవాడు. అదే వాని గుర్తు. కోడ్ వర్డ్, 'కొండకు మబ్బు పట్టింది'. ఇంగ నేను సైలెంట్."

పుంగనూరు సంతలో బేరం నోటితో జరగదు. ఇద్దరు దళారులు చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎన్నిసార్లు నొక్కితే ఎంత అన్నది ఆ రెండు చేతులకే ఎరుక. నోళ్లు మాత్రం వానల గురించో, వియ్యంకుడి గురించో మాట్లాడుతుంటాయి. చుట్టూ పదిమంది మెడలు చాచినా రేటు బయటికి పొక్కదు. తువ్వాలు కింద ఒప్పుకున్న మాటకు తిరుగులేదు. తప్పినవాడికి ఆ సంతలో మళ్లీ ఎవడూ చెయ్యివ్వడు.

మునిశేఖర్‌కు ఈ విద్య నేర్పింది దామోదరే. ఆయన తండ్రి ఇదే సంతలో పేరుమోసిన దళారి. మాట లేకుండా సందేశం చెప్పడానికి ఇంతకంటే మంచి కోడ్ ఏ దేశంలోనూ లేదని చెప్పి, ఢిల్లీ ట్రైనింగ్ హాల్లో తువ్వాలు కప్పి మరీ నేర్పాడు.

"కొండకు మబ్బు పట్టినట్టుండాదే," అంటూ ఒకడు వచ్చి నిలబడ్డాడు. గుబురు గడ్డం, నల్లకళ్లద్దాలు, మూతికి చుట్టిన కండువా, పైగా ఊపిరాడనివ్వని దగ్గు.

"పట్టినా కురిసేది యాడప్పా," అన్నాడు మునిశేఖర్. అది జవాబు కోడ్.

తువ్వాలు పడింది. చేతులు కలిశాయి. వేళ్లు నొక్కుకున్నాయి, జారాయి, మళ్లీ పట్టుకున్నాయి. అంకెలు మనకెందుకులెండి, ఆవు ఖరీదు దేశం ఖరీదు కాదు. బేరం కుదిరింది. మునిశేఖర్ చెయ్యి తీసుకోబోయాడు.

అప్పుడు ఆ చెయ్యి అతని చిటికెన వేలు పట్టుకుని మెల్లగా, ముద్దుగా, ఒక్కసారి లాగింది.

ఆ లాగుడు సంతలో ఏ దళారీ లాగడు. అది ఒక్క ఇంటి అలవాటు. దామోదర్ తండ్రి ఆవును అమ్మించాక కొన్నవాడి చిటికెన వేలు అలా లాగేవాడట. 'ఈ పూట ఆవుకు తవుడు మరిచిపోవద్దు' అని దానర్థం. ట్రైనింగ్ హాల్లో ఆవూ లేదు, తవుడూ లేదు. అయినా ప్రతిసారీ దామోదర్ చెయ్యి ఆ వేలు లాగేది. 'వద్దనుకున్నా వస్తాది మునీ, నెత్తురులో ఉండాది' అని నవ్వేవాడు. ఇప్పుడైతే కొన్నవాడే లాగాడు. కొన్నవాడు అమ్మినవాడికి చెప్పాల్సిన మాటే కాదది. మొహానికి గడ్డం పెట్టినవాడు, గొంతుకు దగ్గు పెట్టినవాడు, చేతికి మాత్రం ఏ వేషమూ వెయ్యలేకపోయాడు.

గడ్డంవాడు తవుడుసంచీ భుజాన వేసుకుని, ఆవును తోలుకుని జనంలో కలిశాడు. కాసేపటికి చెవిలో దామోదర్ గొంతు మళ్లీ పలికింది. "వెరీ గుడ్ మునీ. వ్యాన్‌లోంచి అంతా సూసినా. ఇంగ నువ్వు కుప్పం దారి పట్టు."

ఆ మాటల వెనక రాగిగంట మోగుతోంది. ఇప్పుడే అమ్మిన ఆవు మెడలోని గంట.

"సరే అన్నా," అన్నాడు మునిశేఖర్. గొంతు వణక్కుండా ఆ రెండు ముక్కలు పలకడం, పదిహేనేళ్ల సర్వీసులో అతను చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైన పని.

ఇయర్‌పీస్ పీకి తువ్వాలులో చుట్టి, సంత గోడవారగా కూలబడ్డాడు. నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలైనాయంటారు. కోపం రాలేదతనికి. తనకు నాన్న లేడన్న సంగతి ఇన్నాళ్లకు మళ్లీ కొత్తగా తెలిసింది.

బుర్ర మాత్రం దాని పని అది చేసుకుపోయింది. ఉత్త నకిలీని తీసుకోవడానికి చీఫ్ అంతటివాడు గడ్డం అతికించుకుని రావడమెందుకు? ముఠాలో తువ్వాలు బేరం తెలిసినవాడు లేక తనే వచ్చాడు, సరే. ఆ ట్యూబును మరొకరి చేతికి ఇవ్వడానికి మనసొప్పక కూడా వచ్చాడు. అంటే అది నకిలీ కాదు. మరి తన సంచీలో ఉన్నదేమిటి?

"చేతులు కనిపించేలా పెట్టు, మునిశేఖర్."

తలెత్తి చూశాడు. సంత మొత్తం ఆమెను చూస్తోంది. నెమలికంఠం రంగు పట్టుచీర, మొహంలో సగం కప్పే గాగుల్స్, చేతులకు లావాటి బంగారు గాజులు. ఫామ్‌హౌస్‌లో సెల్ఫీల కోసం పొట్టి ఆవు కొనడానికొచ్చిన బెంగళూరు శ్రీమంతురాలిలా ఉంది. ఆ గాగుల్స్‌లో కెమెరా ఉంది. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ అతని కళ్లకేసి గురిపెట్టి ఉంది. అందులో ఉన్నది రంగు కాదు, కళ్లు పోగొట్టే స్ప్రే.

"ఉషా," అన్నాడు.

"మ్యాపును విక్టర్‌కు అమ్మేశావట కదా. పవన్ కుమార్‌ను చంపింది కూడా నువ్వేనట. కనిపిస్తే తప్పుకోమని, తప్పుకోలేకపోతే కాల్చెయ్యమని చీఫ్ ఆర్డర్."

మునిశేఖర్‌కు ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. "నాకూ అదే ఆర్డర్. నువ్వు కనబడితే తప్పించుకొమ్మని, లేకపోతే కాల్చెయ్యమని. ఒకే నోరు, ఒకే మాట. మనిద్దరం కలిసి మాట్లాడుకోకూడదని."

లిప్‌స్టిక్ కొంచెం కిందికి దిగింది. అతను జరిగింది చెప్పాడు. చిటికెన వేలు, గంట, ఎర్రమూత, నీలంమూత. ఉష ముఠాలో పాతవస్తువుల నిపుణురాలి వేషంలో చేరింది. అది ఉత్త వేషం కాదు, ఆమె చదువే అది. ఎర్రమూత ట్యూబు లాక్కుని మ్యాపు కొంచెం బయటికి లాగి, ఒక మడత మీద గోరుతో గీరింది.

"నకిలీ," అంది. "పాత మ్యాపు మడతల దగ్గర కాగితం పగులుతుంది. ఇక్కడ పగుళ్లు కూడా అచ్చే. ఇది చూడగానే పవన్ కుమార్ చెప్పేసేవాడు. అందుకే అతణ్ణి బతకనివ్వలేదు."

"రేపు మనవాళ్లు దీన్ని చర్చల బల్ల మీద పరిస్తే?"

"అవతలివాళ్లు భూతద్దం తీస్తారు. ఇండియా దొంగ మ్యాపు తెచ్చిందని లోకమంతా నవ్వుతుంది. ఆ తర్వాత నువ్వు నిజం చెప్పినా నమ్మేవాడుండడు. దొంగతనం కాదు వాళ్ల ప్లాన్, మార్పిడి." అంతలో ఆమెలోని బెంగళూరు శ్రీమంతురాలు జారిపోయింది. "అయ్యో ఆ ముసలోని నోట్లో మన్నుపడ! నన్ను కూతురా అనేవాడప్పా వాడు! రామసముద్రం నుంచి నన్ను తెచ్చి చదివించింది వాడే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ నిమిషంలో వాళ్లిద్దరూ ఏజెంట్లు కాదు, ఒకే ఇంట్లో మోసపోయిన అన్నాచెల్లెళ్లు.

"విక్టర్ యాడుంటాడు?" అన్నాడు మునిశేఖర్.

"కుప్పం స్టేషన్లో. ఎవడో గడ్డంవాడు తెచ్చే మ్యాపు అసలో కాదో అక్కడ నేనే చూసి చెప్పాలి. ఆ గడ్డంవాడు దామోదరేనన్నమాట. విక్టర్ చెన్నై రైలెక్కుతాడు. నువ్వు అదే ప్లాట్‌ఫారం మీద బెంగళూరు రైలు కోసం అమాయకంగా కూర్చోవాలి. అదీ వాళ్ల లెక్క."

"ఢిల్లీకి ఫోన్ చేస్తే?"

"చీఫ్ దొంగ అని ఎవరితో చెప్తావు? నీ ఫోన్ ఢిల్లీలో మోగేలోపు ఆయనకే వినిపిస్తుంది."

ఉష ఎర్ర జీపు పలమనేరు దాటింది. బైరెడ్డిపల్లె వచ్చినప్పుడు మునిశేఖర్ కిటికీలోంచి తల తిప్పుకున్నాడు. అమ్మకు జబ్బు చేసినప్పుడు దామోదర్ ఢిల్లీ నుంచి ఈ ఊరికొచ్చి, మంచం పక్కన నేల మీద పడుకున్నాడు. అది కూడా నాటకమేనా? అదొక్కటీ నిజమైతే బాగుండునని అనిపించింది. నిజమైతే మరింత బాధ అని కూడా అనిపించింది. ఉష అతని మొహం చూసి ఏమీ అడగకుండా బండి వేగం పెంచింది. వి.కోట దాటేలోపు ఇద్దరూ కలిసి ఒక పథకం అల్లుకున్నారు. దిగేముందు ఆమె చేతి గాజులు రెండు తీసి అతనికిచ్చింది.

"సన్నతీగతో కలిపి ఉంటాయి. మణికట్టుకు తగిలిస్తే లాక్ పడుతుంది. తాళంచెవి నా దగ్గర మాత్రమే ఉంది."

కుప్పం స్టేషన్ మధ్యాహ్నపు ఎండలో బద్ధకంగా ఉంది. మునిశేఖర్ వేషం తీసేసి ప్యాంటు షర్టులోకి మారి, తువ్వాలు మాత్రం భుజాన ఉంచుకుని, బెంచీ మీద సంచీ పెట్టి, టీ కొట్టు దగ్గరికి నడిచాడు. సంచీకి వీపు తిప్పి నిలబడ్డాడు. చెవిలో ఇప్పుడున్నది ఉష ఇయర్‌పీస్. ఆమె మెడలోని గొలుసులో మైకు ఉంది. టీ కొట్టు అద్దంలో అవతలి స్తంభం స్పష్టంగా కనిపిస్తోంది. స్తంభం చాటున తెల్లసూటు వేసుకున్న విక్టర్, గడ్డం దామోదర్, ఉష.

ఉష నీలంమూత తీసింది. మ్యాపు వాసన చూసింది. పెదవి విరిచింది.

"వేపాకు," అంది ఇంగ్లీషులో. "కర్పూరం కూడా. హిమాలయాల మ్యాపుకు వేపాకు వాసన ఎక్కడిది మిస్టర్ విక్టర్? పాతదిలా కనబడాలని ఎవరో పూశారు. ఇది నకిలీ."

"అబద్ధం!" దామోదర్ గొంతు చీలింది. "చీరల పెట్టెలో ఉండిన వాసన అది. నా చేత్తో నేనే తీశాను."

"నకిలీని తయారు చేయించింది కూడా మీ చెయ్యే కదా," అంది ఉష తీయగా. "అసలుది ఇచ్చినట్టే ఇచ్చి, దేశభక్తుడిలా ఢిల్లీకి పంపుతున్నారు. అదిగో, ఆ కొరియర్ సంచీలో ఎర్రమూత ట్యూబు. అసలుది అందులో ఉంది."

విక్టర్ మ్యాపు అందుకుని తనూ వాసన చూశాడు. మునిశేఖర్ చేతిలో టీ గ్లాసు కాలుతోంది. "ఆ నిపుణుణ్ణి చంపించి తీరాలని నువ్వెందుకంత పట్టుబట్టావో ఇప్పుడర్థమైంది, దామోదర్," అన్నాడు విక్టర్ చివరికి. "అతను బతికుంటే నీ మోసం నాకు తెలిసిపోయేదని."

మునిశేఖర్ కళ్లు మూసుకున్నాడు. అనుమానం ఒకటి, చెవితో వినడం మరొకటి. పవన్ కుమార్ పిల్లలకు బొమ్మలు కొనిపెట్టిన మనిషి దామోదర్.

"నేను నిజం చెబుతున్నాను. ఇదే అసలు!" అన్నాడు దామోదర్. ఉష యూనిట్ మనిషని మాత్రం చెప్పలేడు, చెబితే ఆమెను ముఠాలో పెట్టింది తనేనని ఒప్పుకున్నట్టే. బతుకంతా అబద్ధాలు అతికిన నాలుక తొలిసారి నిజం చెబితే, వినడానికి మనిషి దొరకలేదు. విక్టర్ కోటు జేబులోంచి ఏదో అతని డొక్కలో గుచ్చుకుంది. "కదలకు. మేడమ్, మార్చెయ్యండి."

ఉష పట్టుచీర గరగరలాడించుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చింది. టీ కొట్టు అద్దంలో మునిశేఖర్ చూస్తుండగా, విక్టర్ కళ్లారా చూస్తుండగా, నీలంమూత మ్యాపు ఎర్రమూత ట్యూబులోకి, ఎర్రమూత మ్యాపు నీలంమూత ట్యూబులోకి మారాయి. శత్రువు దగ్గరుండి, కాపలా కాసి మరీ త్సోలుంగ్ సరస్సును మన సంచీలో పెట్టించాడు. మునిశేఖర్ రెండో టీ చెప్పి, చక్కెర కొంచెం ఎక్కువ వెయ్యమన్నాడు.

చెన్నై రైలు వచ్చింది. విక్టర్ నీలంమూత ట్యూబుతో ఎక్కాడు. ముఠాలో వేషం చెడకుండా ఉష కూడా అతని వెంట ఎక్కింది. తలుపు దగ్గర గాగుల్స్ సర్దుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగింది. మునిశేఖర్‌కు అంతే వీడ్కోలు. అతను బెంచీ మీది సంచీ తీసుకున్నాడు.

రైలు కూత వేసింది. స్తంభం చాటున గడ్డం ఊడింది, కండువా ఊడింది. జుట్టు సర్దుకుంటూ యూనిట్ చీఫ్ దామోదర్ ఆదరాబాదరాగా వచ్చాడు. మొహంలో ఎప్పటి చిరునవ్వే ఉంది, చెమటలో తడిసి.

"మునీ! ప్లాన్ మారిందప్పా. ఆ సంచీ ఇట్లియ్యి, బిన్నా, రైలు పోతాది. ఆ రైల్లో మనోడు ఉండాడు, వానికియ్యల్ల."

రైలు కదిలింది. దామోదర్ కళ్లు అటు, ఇటు పరుగెత్తుతున్నాయి. పరుగెత్తి పెట్టె అందుకుంటే ఇంకా అందుతుంది.

"ఇస్తానన్నా," అన్నాడు మునిశేఖర్. "ముందు చెయ్యియ్యి."

భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతి మీద కప్పాడు. దామోదర్ తెల్లబోయాడు. అయినా ఆ చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. తువ్వాలు కింద చాచిన చేతిని కాదనడం ఆ ఇంటి రక్తంలో లేదు. మునిశేఖర్ ఆ చిటికెన వేలు పట్టుకుని మెల్లగా, ఒక్కసారి లాగాడు.

దామోదర్ మొహంలోంచి నవ్వు పోయింది. ఆ వెనక ఉన్న ముసలి మనిషిని మునిశేఖర్ మొదటిసారి చూశాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"సంతలో. ఆవుకు తవుడు పెట్టమన్నావు కదన్నా."

క్లిక్ మంది. ఒక గాజు దామోదర్ మణికట్టుకు, రెండోది మునిశేఖర్ మణికట్టుకు. దామోదర్ లాగి చూశాడు, పక్కకు దూకబోయాడు. తీగ బిగిసి ఇద్దరూ ప్లాట్‌ఫారం మీద మోకాళ్ల మీద పడ్డారు. చివరి పెట్టె వాళ్ల పక్కనుంచి దడదడమంటూ వెళ్లిపోయింది. ఎర్రమూత ట్యూబున్న సంచీ మునిశేఖర్ గుండెకు అదుముకుని ఉంది.

"తువ్వాలు కింద మోసం చెయ్యకూడదు మునీ," అన్నాడు దామోదర్ రొప్పుతూ. "నేను నేర్పినా నీకు. మా నాయన కట్టుబడిన మాటప్పా అది."

"తెలుసన్నా," అన్నాడు మునిశేఖర్. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "ఇంగ పుంగనూరు సంతలో నాకెవరూ చెయ్యివ్వరు. పవన్ కుమార్‌ను యాల చంపించినావన్నా? వాని పిల్లోళ్లు నిన్ను తాతా అంటారే."

దామోదర్ మణికట్టు మీది గాజును ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "మీ అమ్మకు జబ్బు చేసినప్పుడు వచ్చింది మాత్రం నిజంగానే వచ్చినా," అన్నాడు, అడగని ప్రశ్నకు. మునిశేఖర్ మొహం తిప్పుకున్నాడు. నమ్మాలని ఉంది. నమ్మడం ఎలాగో ఆ పూట నుంచి మరిచిపోయాడు.

రైల్వే పోలీసులు వచ్చి చుట్టూ నిలబడ్డాక, మునిశేఖర్ రెండో చేత్తో ఢిల్లీలోని పెద్ద అధికారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాడు. అవతల గొంతు సవరించుకున్న చప్పుడు.

"షీట్ భద్రమేనా?"

"భద్రం సార్. నకిలీ వాళ్ల దగ్గరుంది. రేపు బల్ల దగ్గర భూతద్దం జేబులో పెట్టుకుని వస్తారు. రానివ్వండి."

"శభాష్. నీ విమానం ఆపి ఉంచుతాను. ఒక చిన్న ఫార్మాలిటీ మిగిలింది మునిశేఖర్. మిషన్ పూర్తయినట్టు రిపోర్టు కావాలి. రూలు ప్రకారం దాని మీద మీ చీఫ్ సంతకం ఉండాలి."

మునిశేఖర్ పక్కకు చూశాడు. బంగారు గాజు తగిలించుకుని, పట్టాలకేసి చూస్తూ కూర్చున్నాడు చీఫ్.

"పెట్టిస్తాను సార్," అన్నాడు. "చెయ్యి నా దగ్గరే ఉంది."